ఏ పార్టీ నచ్చనప్పుడు ఓటు ఎవరికి వేయాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మీ ఊరు గుంటూరు జిల్లాలో, ఉద్యోగం హైదరాబాదులో. ఇంట్లో తాతగారి కాలం నుంచీ ఒకే పార్టీ, మీ నాన్నగారు ప్రతిసారీ ఆ పార్టీ తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చుంటారు. మీకేమో ఆ పార్టీ మీద నమ్మకం పోయింది. అవతలి పార్టీ అంతకంటే నచ్చదు, మూడో వాళ్ళు గెలవరు. ఇలాంటప్పుడు సెలవు పెట్టుకుని, పండగ రోజుల్లా పెంచేసిన బస్సు టికెట్ కొనుక్కుని ఊరెళ్ళి నోటా (అభ్యర్థుల్లో ఎవరూ వద్దనే బటన్) నొక్కి రావాలా, లేక అసలు వెళ్ళకుండా ఉండాలా అని అడిగారు.

వెళ్ళండి. ఓటు వేయండి. నోటాను ఆఖరికి ఉంచుకోండి. ఇక ఎవరికి అంటారా, ఊరి స్థాయి ఎన్నికలో మనిషిని చూడండి, ఢిల్లీ స్థాయి ఎన్నికలో పార్టీని చూడండి, ఎమ్మెల్యే ఎన్నికలో రెండూ చూడాలి. పార్టీ మొత్తంగా మనసుకు నచ్చాలన్న షరతు పెట్టుకుంటే మీరు ఏ ఎన్నికలోనూ ఓటు వేయలేరు. ఒక పార్టీకి ఓటేశారంటే అది చేసినవన్నీ మీకు సమ్మతమేనని సంతకం పెట్టినట్టు కాదు. ఉన్నవాళ్ళలో ఐదేళ్ళ పాటు ఫలానా పని ఎవరి చేతిలో ఉంటే నయమో చెప్పడం, అంతే.

నేను ప్రభుత్వ హైస్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. బ్యాలెట్ పెట్టెల కాలం నుంచి ఈవీఎంల దాకా పోలింగ్ డ్యూటీలు చేశాను. పంచాయతీ ఎన్నికల్లో లెక్కింపు బల్ల దగ్గర కూడా కూర్చున్నాను. ఇప్పుడు ఎన్నికలు దగ్గర పడగానే మా ఊరి పిల్లలు కొందరు అభ్యర్థుల అఫిడవిట్లు ఫోన్లో పట్టుకుని మా ఇంటికి వస్తారు. మీరడిగినదే వాళ్ళూ అడుగుతారు.

ముందు నోటా సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే దాని మీద చాలామందికి లేనిపోని ఆశలున్నాయి.

2013కు ముందు "నాకెవరూ వద్దు" అని చెప్పాలంటే 49ఓ అనే నిబంధన ఒక్కటే దారి. ఓటరు ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గరికి వచ్చి ఆ మాట నోటితో చెప్పాలి. మేం ఓటు వేయడానికి వచ్చినవాళ్ళ వివరాలు రాసే 17ఎ రిజిస్టర్లో ఆయన పేరుకు ఎదురుగా ఆ సంగతి రాసి సంతకం తీసుకోవాలి. అదంతా ఏజెంట్లు చూస్తుండగానే జరగాలి. ఒకసారి ఒక పెద్దాయన అలా అడిగాడు. బూత్‌లో ఉన్న ఏజెంట్లంతా తలెత్తి ఆయన వైపే చూశారు. సాయంత్రానికి ఆ విషయం ఊరంతా తెలిసింది. రహస్యం అనేది లేకుండా పోయింది. సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27న ఇచ్చిన తీర్పులో తప్పుపట్టింది కూడా దీన్నే. ఓటు వేసేవాడికి ఎంత రహస్యం ఉందో, ఎవరినీ వద్దనేవాడికీ అంతే ఉండాలంది. అలా ఈవీఎం మీద అట్టడుగున నోటా బటన్ వచ్చింది.

ఆ బటన్ మీ రహస్యాన్ని కాపాడుతుంది. ఫలితాన్ని మాత్రం మార్చదు. నోటాకు ఎన్ని ఓట్లు పడ్డా, మిగిలిన అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాళ్ళే గెలిచినట్టు. డిపాజిట్ దక్కిందా లేదా అని లెక్కేసేటప్పుడు కూడా నోటా ఓట్లను చెల్లిన ఓట్లలో కలపరు. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో ఒక ప్రధాన పార్టీ అభ్యర్థి చివరి నిమిషంలో నామినేషన్ వెనక్కి తీసుకుంటే, కోపంతో 2 లక్షల 18 వేల మందికి పైగా నోటా నొక్కారు. గెలిచిన అభ్యర్థికి 11 లక్షల 75 వేల మెజారిటీ వచ్చింది. మన దగ్గర అరకు లోక్‌సభ స్థానంలో 2019లోనూ 2024లోనూ నోటాకు 50 వేలకు అటూ ఇటూగా పడ్డాయి. ఆ రెండుసార్లూ గెలుపోటముల మీద వాటి ప్రభావం సున్నా. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్రాల ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక ఎన్నికల వరకు నోటాను ఒక అభ్యర్థిలా లెక్కించే పద్ధతి తెచ్చాయి. అక్కడ నోటా మొదటి స్థానంలో ఉంటే మళ్ళీ ఎన్నిక పెట్టాలి. మన అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో అలాంటిదేమీ లేదు.

"ఎలాగూ నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అంటారేమో. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్ల తేడాతో తేలింది. ఒక లోక్‌సభ నియోజకవర్గం మొత్తానికి 9 ఓట్లు! 2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ స్థానం 25 ఓట్లతో, 2023లో చేవెళ్ళ అసెంబ్లీ స్థానం 268 ఓట్లతో తేలాయి. అలాంటి చోట ఇంట్లో కూర్చున్నవాళ్ళు, నోటా నొక్కినవాళ్ళు తమకు తెలియకుండానే ఎవరో ఒకరిని గెలిపించారు. అది వాళ్ళు కోరుకున్నవాళ్ళో కాదో ఆ దేవుడికే తెలియాలి.

పంచాయతీ లెక్కింపులో ఇంకోటి చూశాను. అక్కడ ఇప్పటికీ కాగితం బ్యాలెట్టే కాబట్టి కోపం ఉన్నవాళ్ళు దాని మీద రాస్తారు. ఒక బ్యాలెట్ మీద స్వస్తిక్ ముద్ర లేదు, బాల్ పెన్నుతో "నీళ్ళు ఇచ్చినోళ్ళకే ఓటు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ముద్ర గుర్తు మీద పడిందా, గీత మీద పడిందా అని మిగతా బ్యాలెట్ల గురించి గట్టిగా పోట్లాడుకుంటున్న ఏజెంట్లు దీని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. చెల్లని ఓట్ల కట్టలో పెట్టాం, కవరులో వేసి సీలు చేశాం. ఆ మాట గెలిచిన సర్పంచికి చేరనే లేదు. రాసినవాళ్ళ బాధ నిజమైనదే. కానీ చెప్పిన చోటు తప్పు, చెప్పిన వేళ తప్పు.

సరైన వేళ ఏదో చెబుతాను. ఒక అసెంబ్లీ ఎన్నికలో నాకు పడ్డ బూత్ ఒక చిన్న ఊళ్ళో. రాత్రి సామాను దించుతుండగానే ఊరి పెద్దలు వచ్చి "రేపు ఒక్క ఓటూ పడదు సార్, మీ మీద కోపం కాదు, మా వాగు మీద వంతెన కోసం" అన్నారు. అన్నట్టే మర్నాడు పొద్దున మాక్ పోల్ (మిషన్ పనితీరు చూసే నమూనా పోలింగ్) అయిపోయి, ఏడు గంటలకు మిషన్ సిద్ధం చేసుకుని కూర్చుంటే ఎవరూ రాలేదు. బడి గేటు అవతల వేపచెట్టు కింద అందరూ కూర్చున్నారు. పది దాటాక తహసీల్దారు, ఆ తర్వాత ఇంకా పెద్ద అధికారులు వచ్చారు. అభ్యర్థుల మనుషులు పరుగెత్తుకుంటూ వచ్చారు. మధ్యాహ్నం దాకా మాటలు నడిచాయి. అధికారులు ప్రతిపాదన పంపుతామని కాగితం మీద రాసిచ్చాక జనం లేచి వరుస కట్టారు. ఆ తర్వాత చాలా కాలం పట్టినా వంతెన వచ్చింది. నేను బహిష్కరించమని చెప్పడం లేదు. ఓటు విలువ బటన్ నొక్కే ముందు రోజుల్లో ఎక్కువ అని చెబుతున్నాను. ఆ ఊరివాళ్ళు చివరికి ఓటు వేశారు, వాళ్ళకు కావలసింది ఏమిటో ముందే తేల్చుకుని వేశారు.

ఇప్పుడు అసలు విషయం: మనిషినా, పార్టీనా?

"నేను పార్టీని చూడను, మంచి అభ్యర్థిని చూసి వేస్తాను" అని చాలామంది అంటారు. వినడానికి బాగుంటుంది కానీ అసెంబ్లీకి, పార్లమెంటుకు వచ్చేసరికి ఇది సగమే నిజం. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చింది. పార్టీ విప్ (సభలో ఇలాగే ఓటు వేయాలన్న ఆదేశం) జారీ చేస్తే ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ దానికి వ్యతిరేకంగా ఓటు వేస్తే సభ్యత్వానికే ఎసరు. మీరు గెలిపించిన మనిషి ఎంత మంచివాడైనా, ఒక బిల్లు తప్పని అతనికి అనిపించినా, చెయ్యి పార్టీ చెప్పినట్టే ఎత్తాలి. అందుకే ఎంపీని ఎన్నుకునేటప్పుడు నేను పార్టీకే ఎక్కువ తూకం ఇస్తాను. అక్కడ తేలేవి దేశం మొత్తానికి చెందిన చట్టాలు, పన్నులు, రాష్ట్రాలకు నిధులు. ఒక్క ఎంపీ మంచితనం వాటిని పెద్దగా కదిలించదు. పాత ఎంపీయే మళ్ళీ నిలబడితే మాత్రం సభకు ఎన్ని రోజులు వచ్చారు, ఏం ప్రశ్నలు వేశారు అనేది లోక్‌సభ వెబ్‌సైట్లోనే ఉంటుంది. ఏటా ఎంపీకి కేటాయించే 5 కోట్ల రూపాయల నిధులతో మీ మండలంలో ఏం జరిగిందో కూడా కనుక్కోవచ్చు.

సర్పంచి, వార్డు సభ్యుల దగ్గర ఇది పూర్తిగా తిరగబడుతుంది. ఆ ఎన్నికలకు చట్టప్రకారం పార్టీ గుర్తులే ఉండవు. వీధి దీపం, మురికి కాలువ, తాగునీటి ట్యాంకు, ఉపాధి హామీ పని. వీటికి పార్టీ ఎందుకు? మీ ఇంట్లో తరతరాల పార్టీ అభిమానం ఉన్నా, ఇక్కడ మాత్రం మనిషినే చూడమని మీ నాన్నగారికి కూడా చెప్పవచ్చు.

ఎమ్మెల్యే దగ్గరే చిక్కు. ప్రభుత్వం ఎవరిదో తేల్చేది ఆ ఓటే, పోలీస్ స్టేషన్లో, తహసీల్దారు ఆఫీసులో, ఆసుపత్రిలో మీకు మర్యాద దక్కుతుందా లేదా అనేది కూడా చాలావరకు ఆ మనిషిని బట్టే. పైగా గెలిచాక పార్టీ మారేవాళ్ళున్నారు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది ప్రతిపక్ష ఎమ్మెల్యేలు అధికార పక్షం వైపు వెళ్ళారు. 2019లో తెలంగాణలో 12 మంది ఒకేసారి అధికార పార్టీలో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత అక్కడే మరో 10 మంది. ఈ మూడు సందర్భాల్లో అధికారంలో ఉన్న పార్టీలు వేరు, ముఖ్యమంత్రులు వేరు, జరిగింది మాత్రం ఒక్కటే. అనర్హత తేల్చాల్సింది స్పీకరు కాబట్టి ఏళ్ళు గడుస్తాయి. అందుకని ఎమ్మెల్యే విషయంలో నా పద్ధతి ఇది: మొదట మనిషి విషయంలో తీసేయాల్సినవాళ్ళను తీసేస్తాను. మిగిలినవాళ్ళలో పార్టీని చూసి తేల్చుకుంటాను. వరుస ముఖ్యం. పార్టీతో మొదలుపెడితే మనిషిలో ఎంత పెద్ద తప్పున్నా మనకు మనమే సర్దిచెప్పుకుంటాం.

తీసేయడం ఎలా? అఫిడవిట్ చదివి. ప్రతి అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఫారం 26 ఇవ్వాలి. 2002, 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని మనకు దక్కిన హక్కు ఇది. రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటిస్తారు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో, యాప్‌లో పెడతారు. చాలామంది "ఆస్తి ఎంత" అనే ఒక్క అంకె చూసి నోరెళ్ళబెట్టి మూసేస్తారు. అందులో చూడాల్సింది వేరే ఉంది.

కేసుల పట్టిక దగ్గర ఆగండి. ఎన్ని కేసులున్నాయో కాదు, ఏ సెక్షన్లో చూడండి. మా ఇంటికి వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి ఒక అభ్యర్థిని "ఆయన మీద డజను కేసులున్నాయి" అని అప్పుడే కొట్టేసింది. ఇద్దరం కలిసి చదివాం. దాదాపు అన్నీ ఐపీసీ 143, 188, 341. అంటే గుంపుగా చేరడం, అధికారుల ఉత్తర్వును పాటించకపోవడం, దారికి అడ్డం కూర్చోవడం. ధర్నా చేసినవాళ్ళ మీద పోలీసులు మామూలుగా పెట్టే సెక్షన్లు. పక్క అభ్యర్థి మీద ఉన్నది ఒకటే కేసు, 420. దానిలో కోర్టు అభియోగాలు కూడా నమోదు చేసిందని అదే పట్టికలో ఉంది. ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి కాసేపు మాట్లాడలేదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, సెక్షన్ల అంకెలు మారాయి. 420 ఇప్పుడు 318(4), 143 ఇప్పుడు 189(2), 188 ఇప్పుడు 223. కొన్నాళ్ళ పాటు అఫిడవిట్లలో రెండు రకాలూ కనిపిస్తాయి. హత్య, హత్యాయత్నం, ఆడవాళ్ళ మీద అత్యాచారం, జనం డబ్బు మోసం చేయడం: ఈ నాలుగింటిలో దేనిలోనైనా అభియోగాలు నమోదయ్యాయంటే నా జాబితాలోంచి ఆ పేరు పోతుంది, పార్టీ ఏదైనా సరే. కోర్టు తేల్చకముందే ఎందుకు అంటారా? జైలుకు పంపాలంటే కోర్టు తేల్చాలి. నా ఓటు ఇవ్వకపోవడానికి నాకు ఆ మాత్రం అనుమానం చాలు.

ఆస్తుల దగ్గర మొత్తం చూడకండి. భూమి ధర పెరిగితే ఆస్తి దానంతటదే పెరుగుతుంది, అందులో వింత లేదు. ఒక్కో స్థలానికి సర్వే నంబరు, వారసత్వమా కొన్నదా, కొన్న తేదీ, కొన్న ధర అని విడివిడిగా గడులుంటాయి. పదవిలో ఉన్న ఐదేళ్ళలో కొత్తగా కొన్నవి ఏవి, అవి ఎక్కడున్నాయి, అదే అఫిడవిట్లో చూపిన ఐదేళ్ళ ఆదాయానికి అవి పొంతన కుదురుతున్నాయా అని చూడండి. కొత్త రోడ్డు వస్తుందని తెలిసిన ఊళ్ళో, రోడ్డు ప్రకటన ముందు కొన్న ఎకరాలు కనిపిస్తే మీకే అర్థమవుతుంది. ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిల గడి కూడా ఉంటుంది.

ఇంకొకటి. కేసులున్న అభ్యర్థిని ఎందుకు నిలబెట్టారో పార్టీ కారణం చెప్పాలని, గెలవగలడన్నది ఒక్కటే కారణం కాకూడదని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కారణాలను పార్టీలు ప్రచురించాలి. ఒకసారి చదవండి. చాలావరకు "ప్రజాసేవలో ఉన్నారు" లాంటి మూస వాక్యాలే ఉంటాయి, కానీ ఆ పార్టీ మిమ్మల్ని ఎంత లెక్కలో పెట్టుకుందో వాటిని బట్టే తెలిసిపోతుంది.

గెలవరని తెలిసిన చిన్న పార్టీకో, ఇండిపెండెంట్‌కో వేస్తే ఓటు వృథా కాదా? నా దృష్టిలో కాదు, కానీ ఒక షరతు ఉంది. ఆ మనిషి గానీ ఆ పార్టీ గానీ ఎన్నిక అయ్యాక కూడా ఊళ్ళో కనిపించాలి. 2006లో పుట్టిన లోక్‌సత్తా పార్టీ 2009లో రాష్ట్రమంతా పోటీ చేసి కూకట్‌పల్లి ఒక్కటే గెలిచింది. ఆ ఒక్క సీటు మాత్రం అక్కడి ఓటర్లు గెలవరన్న లెక్క పక్కనపెట్టి వేస్తేనే వచ్చింది. పైగా ఒక పార్టీకి సీట్లేమీ రాకపోయినా రాష్ట్రంలో చెల్లిన ఓట్లలో 8 శాతం వస్తే రాష్ట్ర పార్టీగా గుర్తింపు, సొంత గుర్తు దక్కుతాయి. చిన్న పార్టీకి వేసిన ఓటు ఆ లెక్కలో చేరుతుంది, నోటాకు వేసిన ఓటు చేరదు. పార్టీలేవీ నచ్చనివాళ్ళు కొత్తదానికి దారి చేయాలనుకుంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక ఒకే సమస్య మీద నలుగురూ కలిస్తే ఎంత దూరం వెళ్ళవచ్చో మన దగ్గరే రెండుసార్లు చూశాం. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీళ్ళ గోడు వినిపించడానికి జనం పెద్ద ఎత్తున నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా ఆ జిల్లా ఫ్లోరైడ్ గురించి మాట్లాడుకుంది. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు, ఇప్పుడది 25,000. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు. 185 మంది అభ్యర్థుల్లో 178 మంది రైతులు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. తోటి ఉద్యోగిగా అక్కడి సిబ్బంది కష్టం ఊహించగలను, అయినా ఆ రైతులను తప్పుపట్టలేను. పసుపు బోర్డు ప్రకటన 2023లో వచ్చింది, 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే ప్రారంభమైంది. ఆ నామినేషన్ల వల్లే వచ్చిందని అనను. కానీ ఆ తర్వాత ఆ నియోజకవర్గంలో పసుపు మాట ఎత్తకుండా ఓటు అడిగే ధైర్యం ఏ పార్టీకీ లేకుండా పోయింది.

మీకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకే రోజు పోలింగ్. తెల్ల బ్యాలెట్ ఎంపీకి, గులాబీ రంగుది ఎమ్మెల్యేకు. రెండూ ఒకే పార్టీకి వేయాలని ఎక్కడా లేదు. మనవాళ్ళు దీన్ని క్రాస్ ఓటింగ్ అంటారు, పార్టీవాళ్ళు అదేదో ద్రోహమన్నట్టు మాట్లాడతారు. తెలంగాణలో 2018 డిసెంబరులో 119కి 88 అసెంబ్లీ సీట్లు ఇచ్చిన ఓటర్లు, నాలుగు నెలలకే లోక్‌సభకు అదే పార్టీకి 17కి 9 మాత్రమే ఇచ్చారు. మామూలు జనం ఈ రెండు ఓట్లను వేరుగా చూడగలరు. మీరూ చూడండి. ఒక మిషన్లో పార్టీని బట్టి, రెండో మిషన్లో మనిషిని బట్టి నొక్కవచ్చు. ఒకదానిలో అభ్యర్థిని, ఇంకోదానిలో నోటాను నొక్కినా తప్పు లేదు.

మీ నాన్నగారి గురించి అడగలేదు గానీ మీ ప్రశ్నలో ఆ భయం కనిపించింది. ఏజెంటుకు తెలిసేది మీరు ఓటు వేశారన్న సంగతి మాత్రమే. తన దగ్గరున్న జాబితాలో మీ వరుస నంబరు మీద టిక్ పెట్టుకుంటారు. ఎవరికి వేశారో ఆయనకే కాదు, ప్రిసైడింగ్ ఆఫీసరుకూ తెలియదు. వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు మీకు కనిపించి పెట్టెలో పడిపోతుంది. బూత్‌ల వారీగా ఏ పార్టీకి ఎన్ని పడ్డాయన్నది తర్వాత ఫారం 20లో వస్తుంది, కాబట్టి "మన బూత్‌లో తగ్గాయి" అని పార్టీవాళ్ళకు తెలుస్తుంది. ఎవరి వల్ల తగ్గాయో తెలియదు. ఇంట్లో వాదన పెట్టుకోకండి, అబద్ధమూ చెప్పకండి. "ఓటు వేశాను నాన్నా" అంటే సరిపోతుంది. గట్టిగా అడిగితే, అడగకూడని మాట అడుగుతున్నారని నెమ్మదిగా చెప్పండి.

డబ్బు సంగతి కూడా. ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. మీరు తీసుకోరని అనుకుంటున్నాను. కానీ ఊళ్ళో మీ అమ్మగారికో, పక్కింటి అత్తయ్యకో కవరు అందుతుంది, దేవుడి పటం మీద ప్రమాణం కూడా చేయిస్తారు. "తిన్నాక వేయకపోతే పాపం కదా" అని నన్ను అడిగిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: నేరంగా ఇచ్చిన డబ్బుకు రుణం ఉండదు, బలవంతంగా చేయించిన ప్రమాణానికి పాపం ఉండదు. ఈ మాట చెప్పినప్పుడు వాళ్ళ ముఖాల్లో వచ్చే ఊరట చూశాను. మీరూ వెళ్ళి చెప్పండి. ఆ రోజు మీ ప్రయాణానికి అదొక్కటి చాలు.

మరి నోటా ఎప్పుడు? రెండు సందర్భాల్లో నేను ఒప్పుకుంటాను. ఒకటి, పోటీలో ఉన్న ప్రతి ఒక్కరూ పైన చెప్పిన వడపోతలో పోయినప్పుడు. స్వతంత్రులతో సహా అందరి అఫిడవిట్లు చూశాకే ఆ మాట అనాలి. రెండోది, ఊరంతా కలిసి, కారణం ముందే బహిరంగంగా చెప్పి నొక్కినప్పుడు. నియోజకవర్గమంతా చెల్లాచెదురుగా పడ్డ నోటా ఎవరికీ కనిపించదు. ఒకే బూత్‌లో రెండు వందలు పడితే ఫారం 20లో అది స్పష్టంగా తెలుస్తుంది, తర్వాతి ఎన్నికకు లెక్కలు వేసుకునేవాళ్ళు ఆ ఊరి పేరు దగ్గర ఆగుతారు.

చివరిగా మీ సెలవు గురించి. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజు ఓటున్న ఉద్యోగికి జీతం కోయకుండా సెలవు ఇవ్వాలి. ఓటు వేరే ఊళ్ళో ఉన్నా సరే, ప్రైవేటు కంపెనీ అయినా సరే. హెచ్ఆర్‌కు ముందే మెయిల్ పెట్టండి. టికెట్ కొనే ముందు జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోండి, 1950కి ఫోన్ చేసినా చెబుతారు. నామినేషన్ల ఆఖరి తేదీ దాటాక జాబితాలో ఎవరూ ఏమీ చేయలేరు. మీరు హైదరాబాదులోనే స్థిరపడితే ఫారం 8 పెట్టి ఓటు అక్కడికి మార్చుకోవడమే సరైన పని, రెండు చోట్లా ఉంచుకోవడం చట్టవిరుద్ధం. అక్కడి కార్పొరేటరూ ఎమ్మెల్యే కూడా మీ రోజువారీ నీళ్ళకు, రోడ్డుకు బాధ్యులే కదా. ఊరి ఓటు మీద మమకారం ఉంటుంది, నాకు తెలుసు. ఏది ఉంచుకోవాలన్నది మీరు ఎక్కడ బతుకుతున్నారన్న దాన్ని బట్టి తేల్చుకోండి.

నామినేషన్ల ఉపసంహరణ గడువు దాటగానే మీ నియోజకవర్గం అభ్యర్థుల అఫిడవిట్లు దింపుకోండి. ఏ గడిలోనైనా సెక్షన్ నంబరు గానీ భూమి వివరం గానీ అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, చూసి చెబుతాను.